సున్నా చివర ఎవరు పట్టారు

సాయంత్రం ఐదూ ఇరవైకి అరకు వెళ్లే ఆఖరి జీపు కదిలింది. టేపుతో కొలవడం నేను నేర్పిన పన్నెండు మంది ఊరివాళ్లలో పదకొండు మంది అందులో ఎక్కేశారు. చలి, రాత్రికి అరకులో చుట్టాలింట్లో ఉంటామన్నారు. సరే...

ఆ తర్వాత జరిగింది నిజం. మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను.

తొంభైల చివర, డిసెంబరు. కొండ మీద చిన్న ఊరు. అక్కడ మనిషి పోతే పేరున ఓ రాయి నిలబెడతారు. అలా పద్దెనిమిది రాళ్లు, తరాలుగా నిలబెట్టినవి. కొత్త రోడ్డు సరిగ్గా వాటి మీదుగా గీశారు. కొలతలతో పటం ఇస్తే రోడ్డు పక్కకి జరుపుతామన్నారు రోడ్ల ఆఫీసువాళ్లు. ఆ పటం ఊరివాళ్ల చేతే గీయించాలని నా పంతం. ఆఫీసువాళ్లు రెండుసార్లు తిరగ్గొట్టారు. టేపు చివరున్న కొక్కెంతో కలిపే సున్నా అని ఎన్నిసార్లు చెప్పినా, కొక్కెం వదిలేసి పట్టేవారు. ఏ కొలతా రెండోసారికి కలిసేది కాదు. మర్నాడే గడువు.

మిగిలింది సోమన్న. కాఫీ తోట రైతు, యాభై ఏళ్లుంటాయి. చివరి రాయి ఆయన భార్యది. నిలబెట్టి ఏడాది కాలేదు. ఆయన టేపు సున్నా అక్కడ పట్టుకుంటే, నేను రెండో చివరతో ఒక్కో రాయి దగ్గరికీ వెళ్లి దూరం రాసుకోవాలి.

"అరవకండి మేస్టారూ. పోయినోలున్న సోటు ఇది. పట్టుకోగానే రెండుసార్లు లాగుతాను."

"కొక్కెం..."

"నిద్దట్లో కూడా ఆ కొక్కేన్నే తిడతారేటి?"

చీకటి పడింది. మంచు దిగింది. చెయ్యి చాపితే వేళ్లు కనపడడం లేదు. టార్చి నోట్లో పెట్టుకున్నాను. మొదటి రాయి. టేపు బిగిసింది. రెండుసార్లు లాగాడు. రాశాను. మళ్లీ కొలిచాను. కలిసింది. రెండో రాయి... మూడు... నాలుగు... అన్నీ కలుస్తున్నాయి. సెంటీమీటరు తేడా లేదు. ఇన్నాళ్లకి నేర్చుకున్నాడని సంతోషించాను.

తొమ్మిదో రాయి దగ్గర నా వెనక ఎవరో దగ్గారు.

లాంతరు. టీ కెటిలు. సోమన్న.

"ఏటి మేస్టారూ, ఒక్కలే ఏటి సేత్తన్నారు? రెండో రాయి అయినాక టీ తెత్తానని సెప్పి ఎల్లేను కదా."

అప్పుడా మాట నాకు వినపడలేదు. నా చేతిలో టేపు బిగుతుగానే ఉంది.

ఇద్దరం దాన్నే చూశాం. తిన్నగా మంచులోకి పోయి ఉంది. అంచున నీటి చుక్కలు జారుతున్నాయి... ఒకటి... ఇంకొకటి... ఊపిరి తీస్తే ఎక్కడ కదులుతుందోనని ఆగాను.

ఒకసారి లాగింది. ఆగింది... మరోసారి.

అలవాటు కొద్దీ అంకె చూశాను. రాశాను కూడా.

అప్పుడు టేపు వదులైంది.

లాంతరుతో వెళ్లి చూశాం. ఎవరూ లేరు. కొక్కెం సోమన్న భార్య రాయి మొదట్లో గడ్డి మీద పడి ఉంది. ముల్లుకో వేరుకో తగులుకుందా అని వెతికాను. ఏమీ లేదు. సోమన్న రాయి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

మిగతా రాళ్లు ఇద్దరం కొలిచాం. పటం కుదిరింది. కాగితంలో ప్రతి కొలత పక్కనా ఒక గడి మిగిలింది. 'టేపు పట్టినవారి పేరు, సంతకం.'

"నీ పేరు పెట్టు సోమన్నా."

"నాను పట్టినవాటికి పెడతాను. ఆ ఏడూ నాను పట్టనేదు."

"రాళ్లు పోతాయయ్యా!"

"పట్టినోల పేరు రాయండి మరి."

ఆ ఏడూ మళ్లీ కొలుద్దామని తెల్లవార్లూ బతిమాలాను. పట్టినవాళ్ల కొలత మీద తను కొలవనన్నాడు. కోప్పడ్డాను. ఆయన కదల్లేదు. అబద్ధపు సంతకం నేనూ చెయ్యలేకపోయాను. ఏడు గడులు ఖాళీగా ఇచ్చాను. సంతకాలు లేవని తిప్పి పంపారు.

ఎండాకాలంలో రోడ్డు వేశారు. పద్దెనిమిది రాళ్లూ రోడ్డు గట్టు కింద పూడిపోయాయి. నేనే ఏదో పేరు గిలికి ఉంటే... ఎన్నోసార్లు అనుకున్నాను. గాలి అని కూడా అనుకున్నాను. కానీ గాలి కొక్కెం సరిగ్గా పట్టుకుంటుందా? ఇప్పటికీ తెలీదు.

రాళ్లు పోయిన ఆ ఊళ్లో ఇప్పుడు చనిపోయినవాళ్లకి రాయి నిలబెట్టడం లేదు.