ఏడు దీవుల ఓడలో ఉదయగిరి గరిటె

మొన్న శుక్రవారం ఆత్మకూరు నుంచి మా అల్లుడు వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు, మంచివాడే, కాకపోతే కొంచెం హుషారు ఎక్కువ. చెప్పులు విడిచీ విడవకముందే జేబులోంచి మడత పెట్టిన రంగుల కాగితం ఒకటి తీసి నా మంచం మీద పరిచాడు. బస్టాండు దగ్గర కొత్తగా వెలసిన ట్రావెల్సు వాళ్ళు పంచుతున్నారట. ఏడు రోజులు, ఏడు దీవులు, ఓడలోనే తిండి, ఓడలోనే పడక, ఓడలోనే ఆటా పాటా. "మామూ, మీరు ఆ ఓడల్లో పని చేసినోళ్ళు గదా, మీరు గూడా వస్తే మాకు ధైర్నంగా ఉంటాది" అన్నాడు పాపం. ఆ కాగితం మూలన మెడలో పూలదండ, ఒంటి మీద పూల చొక్కా వేసుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న నల్లటి మనిషి బొమ్మ ఒకటి ఉంది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మీరు పోయి రండి, నేను రాను, ముందా కాగితం నా కళ్ళ ముందు నుంచి తీసెయ్యండి అని అరిచాను. అవసరానికి మించే అరిచాను. అల్లుడు బిక్కచచ్చిపోయాడు, మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి నన్ను నాలుగు చీవాట్లు పెట్టింది. ఆయన అన్నదేమీ లేదు, నిజమే. నా కోపానికీ ఆయనకూ సంబంధం లేదు. ఎవరితో సంబంధమో చెబుతాను, నా ఈడువాళ్ళు, ఊరు విడిచి ఎక్కడెక్కడో ఊడిగం చేసి వచ్చినవాళ్ళు వినండి.

మాది ఉదయగిరిలో గరిటెలు చెక్కే ఇల్లు. దుర్గం కొండ మీద దొరికే నర్ది, బిక్కి కట్టెలతో చెంచాలు, గరిటెలు, ముళ్ళ చెంచాలు చెక్కడం మా తాతల నాటి నుంచీ వస్తున్న పని. పొద్దున్నే మా వీధిలోకి వస్తే ప్రతి వసారాలోనూ ఉలి చప్పుడే వినపడేది. మా అబ్బా అంటే నాన్న, మా ఆపా అంటే అక్క, నేను వరసగా కూర్చుని చెక్కేవాళ్ళం, మా అమ్మీ వాటిని నునుపు పట్టేది. ఆపా నాకన్నా మూడేళ్ళు పెద్దది, పని కూడా నాకన్నా నాలుగాకులు ఎక్కువే నేర్చింది, ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టిందనుకోండి. మా అబ్బాది ఒక పద్ధతి ఉండేది. సరుకు అంగడికి పోయే ముందు ప్రతి గరిటెనూ చేతిలోకి తీసుకుని, కాడ మీద బొటనవేలు రాసి, "ఎవురిది?" అని అడిగేవాడు. చెక్కినవాళ్ళు తమ నోటితో "నాది" అనాలి. ఒకరి తరఫున ఇంకొకరు చెప్పడానికి లేదు. బాగున్నా నాదే, వంకరపోయినా నాదే. అలా నోటితో ఒప్పుకోని గరిటె మా గడప దాటేది కాదు. కొనేవాళ్ళకు కూడా ఇది ఫలానా కట్టె, ఇది మా కూతురు చెక్కింది, ఇది మా వాడు చెక్కింది అని చెప్పి మరీ ఇచ్చేవాడు. గిరాకీ తొందరలో ఉన్నా సరే, వినేదాకా గరిటె చేతికి ఇచ్చేవాడు కాదు.

నాకు ఇరవై దాటిన తరువాత మా మేనమామ మద్రాసులో ఎవరో ఏజెంటును పట్టుకుని, ఓడలో వడ్రంగం పని ఉందని నన్ను ఎక్కించాడు. అబ్బా అడ్డు చెప్పలేదు. చేతిపని మరిచిపోబాక అని మాత్రం అన్నాడు. ఆ ఓడను మొదటిసారి చూసినప్పుడు మా ఉదయగిరి బజారంతా ఎత్తి లోపల పెట్టినా ఇంకా చోటు మిగులుతుందనిపించింది. ఆదివారం మధ్యాహ్నం జనం ఎక్కేవాళ్ళు, రోజుకొక దీవి చూసి, మళ్ళీ ఆదివారానికి దిగిపోయేవాళ్ళు, వాళ్ళు దిగిన మెట్ల మీదే ఇంకో మంద ఎక్కేది. తినడం, ఎండలో పడుకుని ఎర్రగా కాలడం, మళ్ళీ తినడం. విరిగిన కుర్చీలు, ఊడిన అలమర తలుపులు బాగుచేయడం నా పని. మా పడకలు నీటిమట్టానికి కింద ఉండేవి, కిటికీ అనే మాటే లేదు. పగలో రాత్రో గోడ మీది గడియారం చూసి తెలుసుకోవాలి. అందరూ నన్ను ఎన్ని దీవులు చూశావు, ఎంత అదృష్టం అని అడుగుతారు. ఏం చూశాను, నా మొహం! ఏ దీవి ఇసకలోనూ పూటకు మించి నిలబడలేదు. పై నుంచి చూస్తే అన్నీ ఒకటే మాదిరి, తెల్లటి ఇసక, కొబ్బరిచెట్లు, రేవులో దండలు వేయడానికి నిలబెట్టిన నలుగురు. ఆ నలుగురు నిజంగా ఆ ఊరివాళ్ళేనా అన్న అనుమానం అప్పట్లో నాకు రాలేదు.

ఒకసారి వంటశాలలో మలయాళీ వంటమనిషి ఒకాయన, ఇనప గరిటెతో పులుసు తిప్పితే రుచే రాదని సణుగుతుంటే, ఖాళీగా ఉన్నప్పుడు ఆయనకొక కట్టె గరిటె చెక్కి ఇచ్చాను. అక్కడ మొదలైంది నా పీడ. ఓడలో వినోదాల ఏర్పాట్లు చూసే పైఅధికారి కంట ఆ గరిటె పడింది. వారం తిరిగేసరికి నన్ను ఈత తొట్టి పక్కన, అందరికీ కనబడేలా ఒక పీట మీద కూర్చోబెట్టాడు. పూల చొక్కా వేశాడు, మెడలో ప్లాస్టిక్ పూలదండ వేశాడు, ముందు ఒక బోర్డు పెట్టాడు. ఎవరైనా ఏ ఊరని అడిగితే రేపు ఓడ ఆగబోయే దీవి పేరు చెప్పమన్నాడు. వినండి, సోమవారం ఒక దీవి వాణ్ణి, మంగళవారం ఇంకో దీవి వాణ్ణి, శనివారానికల్లా నేను పుట్టని చోటు అంటూ ఆ సముద్రంలో మిగిలేది కాదు. పెట్టెలు విప్పగా వచ్చిన మెత్తటి చెక్క చేతికిచ్చి, ఇది మీ దీవి కట్టె అని చెప్పమన్నాడు. ఆ చెక్కతో చెక్కిన చెంచా రెండు నెలలు నిలవదని నాకు తెలుసు.

ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతారా? చెబితే సిగ్గుచేటు గానీ చెబుతాను. ఆ పీట మీద కూర్చుంటే ఎండ తగిలేది. అంతే. ఎండ అంటే విసుగు పుట్టే ఊరినుంచి పోయినవాణ్ణి, ఇంత ఎండ కోసం ఆ దండ వేసుకున్నాను. ఒకరోజు ముసలమ్మ ఒకావిడ నా ఎదుట కూర్చుని చాలాసేపు చూసి, మీ తాతముత్తాతలంతా ఈ దీవిలోనే ఈ పని చేసేవారా అని అడిగింది. నేను తల ఊపాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని, చెంచా కొనుక్కుని పోయింది. ఆ ముసలమ్మకు నేను చేసిన మోసం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు, ఎండ హాయిగా ఉంది.

ఏడాది తిరిగేసరికి కంపెనీవాళ్ళు ఓడ గురించి మెరుగు కాగితం పుస్తకం ఒకటి అచ్చువేశారు. అందులో అరపేజీ నిండా నా ఫోటో. ఉలి చేతిలో, దండ మెడలో. సెలవు మీద ఊరికి వస్తూ దాన్ని పెట్టెలో అన్నింటికన్నా పైన పెట్టుకుని తెచ్చాను. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. చదవడం రాక కాదు, కూడబలుక్కుని చదవగలను. చదవలేదు, అంతే. నా మొహం చూసుకోవడంతోనే సరిపోయింది. టీ అంగడిలో చూపించాను, మసీదు దగ్గర చూపించాను, కట్టె కొట్టేవాళ్ళకు చూపించాను. మా అబ్బా నాకన్నా ఎక్కువ మురిసిపోయాడు. ఉదయగిరి పని దేశదేశాలకు పోయిందని నలుగురికీ చెప్పి, ఆ రాసిందేమిటో అందరి ముందూ చదివించాలని, మా వీధి చివర ఉండే మాస్టరుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన మిషను బడిలో పంతులు, ఆదివారం చర్చిలో కూడా ఆయనే చదివేవాడు, గొంతు ఖంగుమని మోగేది. వసారాలో పదిమంది చేరారు. మాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని గట్టిగా మొదలుపెట్టబోయి, ఆగి, లోపల్లోపల చదువుకుని, నా వైపు చూశాడు.

"బాగానే రాసినారులే సాయిబూ, మీవాడి పనితనం గురించే" అని పుస్తకం మూయబోయాడు.

"ఉన్నదున్నట్టు చదువు మాస్టరా, వినాలని ఉండాది" అన్నాడు అబ్బా.

మాస్టరుగారికి చదవక తప్పలేదు. ఈ దీవిలో పుట్టి పెరిగిన ఈ కళాకారుడు, తన పూర్వీకులు ఈ అడవుల్లో నేర్చిన విద్యను మన ఓడ మీద ప్రదర్శిస్తున్నాడు, అని తెలుగులో చెప్పాడు. ఇంట్లో మేం ఉర్దూనే మాట్లాడుకుంటాం, సరుకు చూసేటప్పుడు, లేదా కోపం నషాళానికి ఎక్కినప్పుడు మాత్రం అబ్బా మాతో తెలుగులోకి దిగేవాడు.

"ఉదయగిరి అని ఒక్క ముక్కన్నా ఉండాదా మాస్టరా?"

"లేదు సాయిబూ."

అప్పుడు నా వైపు తిరిగాడు. "ఏందిరా ఇది? నీకు నోరు లేదా?"

"వాళ్ళే అట్ల చెప్పమన్నారు అబ్బా, ఉద్యోగం గదా" అన్నాను.

"వాళ్ళు చెప్పమంటే అబ్బను గూడా మారుస్తావా? ఇంక నా వసారాలో ఉలి పట్టుకోబాక" అని లేచి లోపలికి పోయాడు.

మళ్ళీ ఓడ ఎక్కాను. ఒప్పందం ఇంకా మిగిలి ఉంది. మొదటి వారంలోనే ఒక పెద్దాయన ఏ ఊరని అడిగితే, దండ తీసి పక్కన పెట్టి, ఉదయగిరి, నెల్లూరు జిల్లా, ఇది పెట్టె చెక్క, మా ఊరి కట్టె దీనికన్నా వంద రెట్లు గట్టిది అని నాకొచ్చిన ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. మర్నాడే నన్ను దుస్తులు ఉతికే గదిలోకి, ఆవిరిలోకి తోశారు. మిగిలిన కాలమంతా ఎండ మొహం చూడలేదు. అయినా ఎక్కడో గర్వంగానే ఉండేది. ఇంటికి తిరిగొచ్చి, నిజం చెప్పినందుకు శిక్ష కూడా పడ్డాను, ఇక అబ్బా కరిగిపోతాడనుకుని ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన విని, "మొదుటి దినమే చెప్పుంటే బాగుండు గదరా" అన్నాడు. నాకు ఉలి ఇవ్వలేదు. ఉప్పుకాగితం ఇచ్చాడు. ఆపా చెక్కిన గరిటెలను నేను నునుపు పట్టాలి, అమ్మీ చేసిన పని అన్నమాట. నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆయన మాట మారలేదు. నాకు ఆయన మీద కూడా కోపమే. ఆ కిటికీ లేని గదిలో ఎట్ల పడుకున్నావురా అని ఒక్కనాడు అడగలేదు. ఒక్క తప్పుకు అన్నేళ్ళ శిక్షా? దొంగతనం చేసినవాణ్ణి కూడా అంతకన్నా ముందే వదిలేస్తారు.

తరువాత ఆయన చూపు మందగించింది. అయినా సరుకు ఆయన చేతుల మీదుగానే పోవాలి. ఒక రోజు పట్టుదల పట్టి, పక్కింటి వసారాలో కూర్చుని బిక్కి కట్టెతో ఒక గరిటె చెక్కాను. చేతులు మరిచిపోలేదు. ఆపాకు చెప్పి ఆమె కుప్పలో కలిపేశాను. ఆయన ఒక్కొక్కటీ తీసుకుంటూ, అడుగుతూ, నా గరిటె దగ్గరికి వచ్చాడు. బొటనవేలు కాడ మీద పైకీ కిందికీ రెండుసార్లు పోయింది.

"ఎవురిది?"

నోరు తెరిచాను, మాట రాలేదు. నా అవస్థ చూడలేక ఆపా, నన్ను కాపాడాలనుకుని, "నాదే అబ్బా" అంది.

ఆయన దాన్ని కుప్పలో వేయలేదు. చేతిలోనే పెట్టుకుని, నేను కూర్చున్న వైపు మొహం తిప్పి మళ్ళీ అడిగాడు. "ఎవురిది?" ఆపా ఈసారి నా వైపు చూసింది. వీధిలో ఎవరో బండి తోలుకుంటూ పోయారు, ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆయన అట్లాగే ఉన్నాడు. నేను ఉప్పుకాగితం చేతిలో నలుపుతూ కూర్చున్నాను. చివరికి గరిటె పక్కన పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు. ఆ చలికాలం దాటకముందే పోయాడు.

ఇప్పుడు కాలం ఎంత మారిపోయిందో మీకు చెప్పనక్కర్లేదు. మా అమ్మాయి ఒక దోసె పోసినా ఫోనులో తన మొహం, తన పేరు, తన ఊరు పెట్టి లోకమంతటికీ చూపిస్తుంది. మా ఈడువాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు, ఈ కాలం పిల్లలకు ఆర్భాటం ఎక్కువ అంటారు. నాకు నవ్వు రాదు. ఆ పిల్లలకు ఉన్న నోరు ఆ రోజు నాకు ఉంటే ఎంత బాగుండేది! ఓడవాళ్ళను ఇన్నేళ్ళూ తిట్టాను, మా అబ్బాను కూడా తిట్టుకున్నాను. వసారాలో నా నోరు మూసింది మాత్రం వాళ్ళెవరూ కాదు. చూపు ఆనని మనిషి రెండుసార్లు అడిగాడు, రెండోసారి నన్నే అడిగాడు. నాది అనడానికి ఎంతసేపు పడుతుంది?