మా ఇంట్ల గూడ ఇదే

హన్మకొండ బజార్ల మాది ఫ్యాన్సీ షాపు. ఎవలేం కొన్నా "మా ఇంట్ల గూడ ఇదే వాడుతం" అనుడు నాకు అలవాటు. మొన్న పరకాల దిక్కు నుంచి వచ్చిన ఒకామె, పత్తి ఏరి పగిలిన చేతులు చూపెట్టి, "ఈ నానో వెండి క్రీము పెట్టుకోవచ్చా అన్నా?" అని అడిగింది. అంత సన్నటి వెండి రేణువులు పగిలిన తోలు నుంచి ఒంట్లకు పోతయో పోవో నాకు తెల్వదు. అయినా "ఫికర్ చెయ్యకు చెల్లె, మా ఇంట్ల గూడ ఇదే" అన్న.

అప్పుడే మా ఆమె కత్తెరతో తెగిన వేలు పట్టుకొని వచ్చి, అదే క్రీము మూత తీసింది.

"తెగినకాడ పెట్టకే, లోపలికి పోతే ఎట్ల!" అని ఒర్రిన.

థూ, నా నోరు పాడుగాను. ఆ చెల్లె, తప్పు తనదైనట్టు పగిలిన చేతులు కొంగుల దాచుకున్నది.