ఐసు నీళ్లు

చేపలు మోసే మా పాత వ్యాను ఆ వేసవిలో ఎచ్చెర్ల దాటకుండానే మరిగిపోయేది. కొత్త పైపులు వేయించాను, వాటర్ పంపు మార్పించాను. తగ్గలేదు. ఇక తప్పంతా బండి నడిపే మా బామ్మర్దిదేనని తేల్చేశాను.

ఆ రోజు బానెట్ సందుల్లోంచి ఆవిరి లేవగానే, వాణ్ణి కాలర్ పట్టుకుని కిందికి లాగాను.

"నీళ్లు పోసినావా లేదా?"

"రోజూ పోస్తన్నాను బావా."

అబద్ధమనుకుని చెంప పగలగొట్టాను. రోడ్డు మీద పడ్డవాణ్ణి డొక్కలో తన్నాను. అదే కోపంతో, చేతికి గుడ్డయినా చుట్టుకోకుండా రేడియేటర్ మూత తిప్పాను. సలసల కాగే నీళ్లు ఎగజిమ్మి మోచేతి దాకా తోలు ఊడిపోయింది. నేను గావుకేకలు పెడుతుంటే, తన్నులు తిన్నవాడే లేచి, తాగే నీళ్ల సీసా నా చేతి మీద గుమ్మరించాడు.

మెకానిక్ వచ్చి, చల్లారాక రేడియేటర్ ఊడదీసి బోర్లించాడు. తుప్పునీళ్లతో పాటు ఉప్పు పెళ్లలు, చేప పొలుసులు రాలాయి.

"ఇందులో ఏటి పోస్తన్నార్రా?"

"సేపల పెట్టెల్లో కరిగిన ఐసు నీళ్లు," అన్నాడు బామ్మర్ది.

"పొయ్యమని ఏ ఎదవ సెప్పినాడు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. వ్యాను కొన్న రోజున నేనే చెప్పాను: "ఐసు నీళ్లు పారబొయ్యకు, రేడియేటర్లో పొయ్యి. ఇంజను సల్లగుంటాది."

బామ్మర్ది నా వైపు చూడలేదు. వాడి చెంప మీద నా అయిదు వేళ్లూ తేలి ఉన్నాయి.

"ఎవుడూ సెప్పనేదు," అన్నాడు. "నానే పోసినాను."