పడుగు మీద కిళ్లీ ఉమ్ము

ఈ ఉదయం పామర్రు సాలెవీధిలో వీరమ్మ, ఆమె భర్త పడుగు నూలు వీధి పొడవునా సాగదీసి గంజి పెడుతున్నారు. సర్కారు కోటా ప్రకారమే నూలిచ్చే ఈ కంట్రోలు రోజుల్లో ఆ కాస్త నూలు కోసం నెల్లాళ్లు తిరిగారట. నా పక్కన నడుస్తున్న ఖద్దరు పెద్దమనిషి నేతగాళ్ల సభలో మాట్లాడటానికి వచ్చాడు. నూలు కోటా పెంచమని పైవాళ్లకు చెప్పవలసిందీ ఆయనే. నడుస్తూ నడుస్తూ తుపుక్కున కిళ్లీ ఉమ్మాడు. తెల్లటి నూలు జానెడు మేర ఎర్రబడింది.

"కాస్త చూసి ఉమ్మండి బాబుగారూ, చీరె పడుగండీ" అంది వీరమ్మ, కుంచె పక్కన పెట్టి.

"వీధి మీ తాతదా? నాకు చెప్పేదానివా నువ్వు?"

"పొరపాటైందని ఒక్క మాటనండి, పోతుంది" అన్నాను.

"సాలెవాళ్ల ముందు నా పరువు తీస్తారటండీ? నేను సభకు రాను" అని వెనక్కి తిరిగాడు.

వీరమ్మ భర్త పరుగెత్తుకెళ్లి చేతులు జోడించాడు. "ఆడది, తెలియక అందండి. క్షమించండి."

దొరగారు క్షమించారు. సభలో గంటసేపు నేతగాడి చెమటను కీర్తించారు. ఆ గంటా వీరమ్మ మరకపడ్డ పోగులు తెంపి, కొత్తవి అతుకుతూ వీధిలోనే ఉంది.

నాకింకా ఒళ్లు మండుతోంది. అందుకే బెజవాడ బస్సు దిగీ దిగగానే గవర్నరుపేట రీడింగు రూములో ఈ కాగితం అంటిస్తున్నాను. చదివినవాళ్లు కిందనే రాయండి: ఆయన పరువు పోయింది నా మాటవల్లనా, ఆయన నోటివల్లనా?