ముత్తాతగారి అద్దం ముందు వీణ

మా ముత్తాతగారు విజయనగరం వైపు పదకొండు గ్రామాలకు జమీందారు. ఆయన ఎదుట చెప్పులేసుకుని నడిచిన రైతు లేడట. ఇది గర్వంగా చెప్పుకోదగ్గ మాట కాదని తెలిసీ చెబుతున్నాను. తాతగారు ఊళ్ళన్నీ పోగొట్టుకున్నారు గానీ వీణ వదల్లేదు. నాన్నగారు భిలాయి వచ్చి, రైలు పట్టాలు చేసే మిల్లులో ఫోర్‌మన్ అయ్యారు. నేను అదే ప్లాంటులో ఇంజనీరుగా రిటైరై ఊళ్ళోనే రుఆబాంధాలో ఉంటున్నాను.

దివాణం నుంచి ఇక్కడిదాకా వచ్చినవి రెండే. ముత్తాతగారి బెల్జియం నిలువుటద్దం, తాతగారి బొబ్బిలి వీణ. అద్దం ముందుగదిలో ఒక గోడంతా ఆక్రమించింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూస్తారు. వీణ మాత్రం పెట్టెలోనే ఉండేది. తాతగారి తరువాత దాన్ని ఎవరూ మీటలేదు. నేను వాయించేది నేను కొనుక్కున్న మామూలు వీణ.

తాతగారు కట్టిన వరసలు ఏడు నాకు వచ్చు. అవి నాతోనే పోకూడదని కంప్యూటర్లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో వీణ పట్టినవాడు అద్దానికి ఎదురుగా నిటారుగా కూర్చోవాలి. వీపు వంగితే వెంటనే తనకే కనబడాలని ముత్తాతగారు పెట్టిన నియమం. నేనూ అలాగే కూర్చుని, మైకు ముందు పెట్టుకుని వాయించాను. తీరా వింటే ప్రతి మీటూ రేకుడబ్బా మీద గీసినట్టుంది.

తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకున్నాను. నాది ఉచితంగా దొరికింది. ఖరీదైనదానిలో నాదం ఊపిరి పోసుకుంటుందని ఇంటర్నెట్లో ఎందరో రాశారు. ఊరికే దొరికినదానిలో మా ఇంటి సంగీతం ఎలా పలుకుతుందని నాకూ అనిపించింది. అది కొంటే దానికి తగ్గ కంప్యూటరూ కొనాలి. ఆ డబ్బు కోసం బొబ్బిలి వీణ అమ్మేద్దామనుకుంటే రాయపూర్‌లో ఒకాయన అడిగాడు. ఆయన కోరినట్టు మెట్లు సరిచేయించి, కొత్త తంత్రులు వేయించి ఉంచాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

శనివారం పొద్దున మా ఆవిడ ఖుర్సీపార్ నుంచి తన స్నేహితురాలిని పిలిపించింది. ఆమెది రైల్వే కుటుంబం. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఇప్పుడు వాళ్ళ చర్చి బృందం పాటలన్నీ తనే రికార్డు చేస్తుంది.

"ఏటన్నయ్యగారూ, వీణ అమ్మేసి వీణ రికార్డు సేస్తారట?" అంటూనే లోపలికి వచ్చింది.

"నాణ్యత అనేది ఒకటుంటుందమ్మా."

"ఉంటాది. ఛలో, అదెక్కడుందో వెతుకుదాం."

ఖరీదైనదాన్ని కొన్నాళ్ళు ఊరికే వాడి చూడనిస్తారు. నేను వాయించిన ఒక వరసనే దానిలోంచి ఒకసారి, నా ఉచిత సాఫ్ట్‌వేర్‌లోంచి ఒకసారి తీసింది. నన్ను గోడవైపు తిరగమని రెండూ వినిపించింది.

"రెండోది," అన్నాను తడుముకోకుండా. "అందులో నిండుదనం ఉంది. చెవి ఉన్నవాడికి చెప్పక్కర్లేదు."

"రెండోది మీ ఫ్రీదే. కాస్త సౌండు పెంచినానంతే."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఒప్పుకోలేదు.

"సరే. రెండిటి సౌండూ సమానం సేసి, ఒకదాని అలని తిరగేసి, కలిపి వినిపిస్తాను. ప్లస్ అయిదూ మైనస్ అయిదూ కలిపితే ఏటొస్తాది? సున్నా. రెండూ ఒకటే అయితే ఏటీ వినబడదు. మీ ఖరీదైందాంట్లో ఎక్కువేటైనా ఉంటే అదొక్కటే వినబడతాది. చెవి ఉన్నోరు కదా, వినండి."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. నిశ్శబ్దం. చివరిదాకా పెంచమన్నాను. పెంచింది. వంటింట్లో కుక్కరు కూత వినిపించింది గానీ వీణ వినిపించలేదు. నాకే నవ్వొచ్చింది.

"మరి ఆ రేకుడబ్బా మోత ఎక్కడిది?" అంది మా ఆవిడ.

టీచరమ్మ చప్పట్లు కొడుతూ ముందుగదంతా తిరిగింది. అద్దం ముందుకు వచ్చేసరికి చప్పుడు అద్దానికీ ఎదుటి గోడకీ మధ్య పడి గలగలలాడింది.

"ఇదండీ సంగతి. మీ ముత్తాతగారు కూడా మీతోపాటు వాయిస్తన్నారు. కాస్త ఆలస్యంగా."

ఇద్దరూ కలిసి ఆ అద్దం మీద మూడు బొంతలు కప్పారు. దివాణంలో ఎవరైనా అంత పని చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. పెట్టె తెరిచి తాతగారి వీణ తీశాను.

అదే గది, అదే మైకు, అదే ఉచిత సాఫ్ట్‌వేర్. మొదటి వరస పూర్తిచేసి విన్నాం. గీరుడు లేదు, మోత లేదు. పనసచెక్క లోపల్నుంచి వచ్చిన నాదం గుండ్రంగా, నిండుగా ఉంది. చిన్నప్పుడు తాతగారి గదిలో విన్నట్టే ఉంది.

"ఇంకోటి," అంది టీచరమ్మ.

ఏడూ వాయించాను. మధ్యాహ్నం భోజనాలు మూడింటికి చేశాం. వీపు వంగిందో లేదో చూసుకోవడానికి అద్దం లేదు. వంగే ఉంటుంది.

రాయపూర్ ఆయనకు ఫోన్ చేసి రావద్దన్నాను. తాతగారి వీణను ఇప్పుడు రోజూ పొద్దున్నే వాయిస్తున్నాను. టీచరమ్మ ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా వచ్చి వింటుంది.

బొంతలు వారం రోజులు అలాగే ఉన్నాయి. "అద్దానికి ముసుగేసి ఉంచితే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారండీ," అంది మా ఆవిడ.

ముత్తాతగారి అద్దాన్ని కోహ్కాలో ఒక బ్యూటీపార్లరుకు అమ్మేశాం.