ఏడో నెలలో పేరు పెట్టి పిలిచినవాడు

చియెన్ లువాన్ అత్తకు భయం కొత్త కాదు. కీలుంగ్ రేవులో పుట్టి, చేపల పడవ మీద పనిచేసేవాణ్ణి కట్టుకున్న మనిషి. మబ్బు పడితే భయం, గాలి లేస్తే భయం, రేడియో గరగరమంటే భయం. చివరికి ఓ తుఫానులో ఆయన పడవ మునిగింది. శవం కూడా దొరకలేదు. పిల్లల్లేరు. రేవు షెడ్డులో రొయ్యలు ఒలుచుకుంటూ, వేళ్ళు వంకరపోయేదాకా ఒంటరిగానే నెట్టుకొచ్చింది.

మా సందంతా మెట్లే. మెట్ల కింద నా చేప ఉండల పులుసు కొట్టు, మెట్ల పైన, కొండ అంచున ఆవిడ ఇల్లు. వసంతం నుంచి కాళ్ళు వాచిపోయి ఆవిడ కిందికి దిగడం మానేసింది. పైకి వెళ్ళే వాళ్ళెవరైనా దొరికితే ఓ గిన్నె పులుసు పంపేదాన్ని. గిన్నె తిరిగొచ్చేటప్పుడు అందులో ముల్లంగి ఊరగాయ ఉండేది. ఊరికే తింటే ఆవిడకు ముద్ద దిగదు. పొగరు కాదు, భయం. ఒకరికి బరువైతే తనను కొండ అవతలి వృద్ధాశ్రమానికి తోలేస్తారని భయం. డాక్టరు ఆ మాట అననే అన్నాడు, ఇంటికి మనిషి సాయం లేకపోతే అక్కడికే పంపాలని.

సాయం ప్రభుత్వమే ఇస్తుంది. పేదల కార్డు ఉంటే ఇంటికి పనిమనిషి వస్తుంది, పూటకింత అన్నం మెట్లెక్కి వస్తుంది. కానీ మా సందులోవాళ్ళు ఆఫీసు గుమ్మం తొక్కరు. పోతే కసురుతారని బెదురు. అందుకే ఆ ఏడాది వార్డు పెద్ద, ఆఫీసువాళ్ళు, గుడి కమిటీ నా కొట్లోనే కూర్చుని ఓ ఒప్పందానికొచ్చారు. అవసరం ఎవరికుందో కొట్లవాళ్ళం చెప్పాలి, వార్డు పెద్ద దరఖాస్తు పెట్టాలి, ఆఫీసాయన వచ్చి ఇల్లు చూడాలి. మూడుసార్లు వచ్చినా మనిషి కనబడకపోతే అక్కడ కాపురం లేనట్టే లెక్క. మొదటి పేరు నేనే చెప్పాను, లువాన్ అత్తది.

"నన్నెందుకు ఇరికించావే?" అని నాలుగు తిట్టి, ఆవిడ ఒప్పుకుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ చూడ్డం వచ్చి వచ్చి ఏడో నెలలో పడింది. ఆ నెలంతా పోయినవాళ్ళు మా మధ్యే తిరుగుతారు. వెనకనుంచి ఎవరైనా ఇంటిపేరుతో సహా పిలిస్తే మేం పలకం. పలికితే వాళ్ళ వెంట వెళ్ళిపోయినట్టే. నెల మధ్యలో సముద్రం మీద దీపాలు వదిలి, నీళ్ళలో పోయినవాళ్ళని భోజనానికి పిలుస్తాం. సరిగ్గా ఆ మర్నాడే ఆఫీసాయన పెంగ్ మా సందులోకి తొలిసారి అడుగుపెట్టాడు. తూర్పు కొండల్లోంచి బదిలీ మీద వచ్చినవాడు, ఆదివారం చర్చికెళ్ళేవాడు. మా పట్టింపులు ఆయనకేం తెలుస్తాయి?

కొన్నాళ్ళకు ఓ మధ్యాహ్నం, వానలో తడిసి ముద్దయి కొట్లోకొచ్చి పులుసు తాగుతూ అన్నాడు.

"అక్కా, ఆ పైనున్న పెద్దావిడ ఊళ్ళో ఉందా అసలు? రెండుసార్లు వచ్చా, గొంతు చించుకున్నా. ఇవాళ్టితో మూడు. లేకపోతే దరఖాస్తు మూసేయడమే."

దీపాల రోజు నుంచి ఎడతెగని వాన, మావాళ్ళెవరూ పైకి వెళ్ళలేదు. నా గిన్నె కూడా కిందికి రాలేదు. పొయ్యి ఆర్పి ఆయన వెంట పరిగెత్తాను. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ తలుపు వెనక ఏం చూడాల్సొస్తుందోనని ఒకటే భయం.

తలుపు వేసి ఉంది. కిటికీ వేసి ఉంది. పెంగ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "చియెన్ లువాన్!" అని అరిచాడు.

చప్పుడు లేదు. నాకు ముందు ఒళ్ళు జలదరించింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది.

"ఏవయ్యా, ఇన్నాళ్ళూ ఇలాగే ఇంటిపేరుతో సహా పిలిచావా? ఈ నెలలో? అదీ మగగొంతుతో, సముద్రంలో మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని?"

"మరి పేరు పెట్టి కాకపోతే ఎలా పిలవాలక్కా?"

"నీ మొహం, ఇలా పిలవాలి!" అని, తలుపు మీద దబదబా బాదాను. "అత్తా! నేను, చేప ఉండల ఆచూని! బతికున్నావా?"

లోపల్నుంచి సన్నటి గొంతు. "నువ్వేనని నాకెలా తెలుస్తుంది? ఆ వచ్చినవాడెవడు?"

"ఆఫీసాయన."

"వాళ్ళూ అలాగే చెప్తారు."

ఆ గొంతులో వణుకు వింటే నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి కిటికీ జానెడు తెరుచుకుంది. వంకర వేళ్ళ మధ్య ఓ గిన్నెడు వేడి గంజి బయటికొచ్చింది.

"తాగమను. పోయినవాళ్ళయితే వాసనే పీలుస్తారు. గంజి గంజిలాగే ఉంటుంది."

పెంగ్ నా వంక చూశాడు. "తాగవయ్యా బాబూ!" అన్నాను. ఊదుకుంటూ, నోరు కాల్చుకుంటూ తాగాడు. గిన్నె బోర్లించి చూపించాకే తలుపు తెరుచుకుంది.

లోపలికెళ్ళి చూస్తే బియ్యం డబ్బా గీకి గీకి మెరుస్తోంది. ఆయన తాగింది ఆవిడ ఆ రోజు తిండి మొత్తం. పెంగ్ ఆ డబ్బా వంకే చూస్తూ నిలబడిపోయాడు. అడగాల్సినవి ఒక్కటీ అడక్కుండానే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

కార్డు వచ్చింది. గుడిలో పోయినవాళ్ళ భోజనాలకు పెట్టిన బియ్యం మూట ఆఫీసువాళ్ళే మోసుకొచ్చారు. ఏడో నెలలో ఎవరింటికైనా ఆఫీసాయన ఒక్కడే వెళ్ళకూడదని, సందులోని మనిషి తోడుండాలని, పేరు పెట్టి పిలవకూడదని ఒప్పందంలో కలిపారు. కలిపేదాకా వార్డు పెద్ద ప్రాణం తీశాను.

చలికాలంలో ఓ రోజు పనిమనిషి ఆవిడ కాళ్ళకు నూనె రాస్తుంటే నేను పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ మూడోసారి కూడా పోయిన మీ ఆయనే వచ్చి పిలిచాడనుకున్నావా?" అని వేళాకోళమాడాను.

"అనుకున్నాను," అంది. "మొదటి రెండుసార్లూ దుప్పటి కప్పుకుని పడుకున్నా. మూడోసారికి గడియ తీసేశానే. నీ గొంతు విని మనసు మారి మళ్ళీ వేశా."

"గడియెందుకు తీశావు?" అన్నాను.

"భయపడీ భయపడీ విసుగొచ్చింది. పైగా, ఎన్నేళ్ళయిందే, నా కోసం ఒకరు గుమ్మం దాకా వచ్చి పిలిచి?"

ఈ మాట ముందు, ఆ రోజు మెట్ల మీద నాకు కలిగింది అసలు భయమే కాదు. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, కొట్టు తెరిచే వేళ దాటిపోతున్నా లేవలేక అలాగే కూర్చున్నాను.