రజియక్క ఫోన్‌లో మిగిలిన గీత

తెలంగాణ కోసం సమ్మె మొదలైనప్పటి నుంచి మా కోరుట్లలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నిన్నటికే మా గల్లీలో ఫోన్లన్నీ ఆగిపోయాయి, నాది కూడా. ఎదురింటి రజియక్క ఫోన్‌లో మాత్రం బ్యాటరీ ఒక గీత మిగిలింది. అది నా చలవే. స్క్రీన్ వెలుతురు తగ్గించి, వైబ్రేషన్ తీసేసి, రెండు రోజులు స్విచాఫ్ చేయించాను. దుబాయిలో ఉన్న వాళ్లాయన శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే ఫోన్ చేస్తాడు, అప్పుడు ఆన్ చేస్తే చాలన్నాను.

ఈ రోజు సరిగ్గా ఆ వేళకే ఫోన్ మోగింది. అయితే ఆయన గదిలో మా గల్లీవాళ్లే ఇంకో ముగ్గురున్నారు. ఇంటికి ఫోన్ కలవక పొద్దుటి నుంచి తిప్పలు పడుతున్నారట.

"నేను ఆఖరికి మాట్లాడుత తియ్యి. ముందుగాల వీళ్లింటోళ్లను పిలువు," అన్నాడు.

అక్క పిలిచింది. ముగ్గురు ఆడవాళ్లూ వచ్చి పిల్లల జ్వరాలు, బీడీల పని, కరెంటు కోత, అన్నీ తీరిగ్గా చెప్పుకున్నారు. నేను ఆ గీత వంకే చూస్తూ నిలబడ్డాను. చివరికి అక్క ఫోన్ అందుకుని "ఆఁ, చెప్పుండ్రి" అనగానే అది ఆగిపోయింది.

"జర జల్దీ కానియ్యుమంటె అయిపోతుండె గదక్కా," అన్నాను.

"ఎట్లంట తమ్మీ? ఆళ్లు గూడ నా తీర్గ వారం సంది ఎదురుచూసినోళ్లే గద."

సాయంత్రం కరెంటొచ్చింది. ఇప్పుడు అక్క ఫోన్‌లో గీతలన్నీ నిండాయి. ఆయన మళ్లీ చేసేది వచ్చే శుక్రవారమే.

బ్యాటరీ మిగిల్చే చిట్కాలు మీకేమైనా తెలిస్తే చెప్పండి. నావన్నీ బాగానే పనిచేశాయి, పక్కింటివాళ్లకు.